గొంతు వచ్చిందని మనిషి వచ్చినట్టా

ఊరి దొర నానా గారి గొర్రెపోతు తప్పిపోయిందనీ, పట్టి తెచ్చినవారికి దాని తలకాయే బహుమానమనీ మైకులో పోకువా చాటింపు వేసేసరికి అసుయాసో ఊరంతా ఘొల్లుమంది. ఎందుకంటే ఆ సమయానికి పోకువా మైకు గదిలో లేదు. సంత మైదానంలో, జనమంతా చూస్తుండగా, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది.

అయినా స్తంభం మీది బూరల్లోంచి వస్తున్నది ముమ్మాటికీ ఆమె గొంతే. ముందు మూడుసార్లు ఇనుప గంట. తర్వాత చిన్న దగ్గు. ఆ తర్వాత "అసుయాసో పెద్దలారా, తల్లులారా, లేచారా?" అంటూ రోజూ తెల్లారేసరికి ఊరిని తట్టి లేపే ఆ సాగదీత. మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకునే చోటు కూడా ఆమెదే. జనం ఆమె మూసుకున్న నోటిని చూస్తారు, తలెత్తి బూరల్ని చూస్తారు, మళ్ళీ పగలబడి నవ్వుతారు. పోకువాకు నవ్వు రాలేదు. చచ్చిపోయి తన చాటింపు తనే వింటున్నట్టనిపించింది.

"చూశారుగా!" అన్నాడు లార్టే, చేతిలో ఫోను పైకెత్తి. ఫోను మోసాల గురించి ఊరూరా తిరిగి చెప్పి రమ్మని జిల్లా ఆఫీసువాళ్ళు పంపిన ఉద్యోగి అతను. "ఈ మాట అక్క అనలేదు, ఈ ఫోను అంది. మీ మైకు గదివాళ్ళు చావు కబుర్లు ఫేస్‌బుక్‌లో పెడతారు కదా, అందులోంచి అక్క గొంతు ఓ చిటికెడు తీసి దీనికి పెట్టాను. ఇక ఏం చెప్పమంటే అది చెబుతుంది. ఏఐ అంటారు దీన్ని. ఇవాళ గొర్రెపోతన్నాను కాబట్టి నవ్వారు. రేపు మీ అబ్బాయి గొంతుతో ఏడిస్తే?"

మొక్కజొన్న పిండి కెంకే ముద్దలు అమ్ముకునే ముసలి ఎఫువా అక్కడే పీట మీద కూర్చుని ఉంది. పోయిన వానాకాలం కొడుకు ఏడుపు ఫోనులో విని, ఉన్నదంతా ఊడ్చి పంపేసిన మనిషి ఆవిడే. "నా కొడుక్కి నత్తి నాయనా," అంది ఎవరికీ కాకుండా. "ఆ నత్తి కూడా పెట్టారు దొంగసచ్చినోళ్ళు."

ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ నిండా కూర్చున్న బాస్ అబాబియో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. "మళ్ళీ ఒక్కసారి వెయ్యవయ్యా, ఆ గొర్రెపోతుది!" నది ఒడ్డున బంగారం కోసం తవ్వే గుంటలన్నీ ఆయనవే. వాటికి లైసెన్సు లేదు, లేదేమని అడిగేవాడూ లేడు. స్తంభం మీది రెండో బూర ఆయన పుణ్యం, చర్చి మీద కొత్త రేకులు ఆయన పుణ్యం, నది నీళ్ళు పాలు కలిపిన టీ రంగుకు తిరగడమూ ఆయన పుణ్యమే. ఊళ్ళో సగం ఇళ్ళ పొయ్యిలు ఆ గుంటల మీదే వెలుగుతున్నాయి గనక ఆయన నవ్వితే పక్కవాళ్ళూ నవ్వుతారు.

లార్టే ఒక కాగితం పోకువా చేతికిచ్చి, రోజూ చాటింపు చివర ఈ పాఠం చదవాలన్నాడు. ఆమె కాగితం చూసింది. "బాబూ, ఇందులో మాటలు పళ్ళకు అడ్డం పడుతున్నాయి. నా మాటల్లో చెబితే తప్పా?" అంది. పోకువా తండ్రి వీధి వీధీ తిరిగి దండోరా వేసినవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నట్టు, ఆ ఇంట్లో నోరే ఆస్తి. ఆమె జనం వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "వినండి! గొంతు వచ్చిందని మనిషి వచ్చినట్టా? ఎదురుగా నిలబెట్టి అడగండి!" అంది.

అంతే, పిల్లలు అందుకున్నారు. "గొంతు వచ్చిందనీ..." అని ఒక మూల, "మనిషి వచ్చినట్టా!" అని ఇంకో మూల. లార్టే సంతోషంతో ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. చాలా కాలం తర్వాత తన నోటికి చావులు కాక ఇంకో పని దొరికినందుకు పోకువాకు కూడా గర్వంగానే అనిపించింది.

జనం చెదిరాక అచియా దగ్గరికొచ్చింది. వీపున కట్టుకున్న బిడ్డ నిద్రలో తల వాల్చేశాడు. "అక్కా, రేపు కూడా మా ఆయన పేరు చెబుతావుగా?"

"చెబుతానమ్మా. ఎందుకు చెప్పను?"

అచియా భర్త క్వామె డార్కో అబాబియో గుంటలో పని. ఒక రోజు పనికి వెళ్ళినవాడు ఇంటికి రాలేదు. అడిగితే, సరిహద్దు దాటి కోత్ దివార్ పోయాడు, అక్కడ కోకో తోటల్లో కూలి ఎక్కువ, మొగాళ్ళు పోతుంటారు, వస్తుంటారు అన్నాడు అబాబియో. పోయేవాడు చెప్పులు గుమ్మంలో వదిలి పోతాడా అని అచియా అడిగింది.

మర్నాడు చీకటి విడీ విడకముందే పోకువా మైకు గది తాళం తీసింది. గది అంటే నాలుగు రేకులు, ఒక బల్ల. యాంప్లిఫయర్ మీది దుమ్ము కొంగుతో తుడిచింది, మీట తిప్పి అది వేడెక్కి గుయ్యిమనేదాకా ఆగింది. మైకుకు చుట్టిన పాత గుడ్డ విప్పి దులిపి మళ్ళీ చుట్టింది. మేకుకు వేలాడే తండ్రి నాటి ఇనుప గంట తీసి, పుల్లతో మూడు దెబ్బలు కొట్టింది. గది యజమాని ఒపోకు మూలన పీట మీద కూర్చుని, ప్లాస్టిక్ సంచి మూల కొరికి వేడి వేడి అంబలి జుర్రుకుంటున్నాడు.

"అసుయాసో పెద్దలారా, తల్లులారా, లేచారా?" ఎవరు పోయారు, ఏ వంశం, వారం రోజుల దినం ఎప్పుడు, చావుకు వచ్చేవాళ్ళు కట్టాల్సింది ఎర్రబట్టా నల్లబట్టా అన్నీ చెప్పింది. పిల్లల టీకాల సంగతి చెప్పింది. "క్వామె డార్కో, ఎక్కడున్నా ఇంటికి రా. నీ భార్య ఎదురు చూస్తోంది. నీ బిడ్డకు పళ్ళొస్తున్నాయి," అని చెప్పింది. చివర పాఠం. ఆమె "గొంతు వచ్చిందనీ" అనేసరికి రోడ్డు మీద బడికి పోతున్న పిల్లలు మిగతాది పూర్తి చేశారు.

"నీ మాట ఊరి నోట్లో పడిందే!" అన్నాడు ఒపోకు. "నిన్న మా ఆవిడ, ఎక్కడున్నావని ఫోన్ చేసింది. ఇంటికొచ్చి ఎదురుగా నిలబడి అడుగు, అప్పుడు చెబుతానన్నాను."

"అడిగిందా?"

"అడిగింది. రోకలి పట్టుకుని అడిగింది."

పోకువా ఇంకా నవ్వుతుండగానే అచియా గుమ్మంలో కనిపించింది. నవ్వు ఆగిపోయింది. అచియా లోపలికొచ్చి ఫోను ఇచ్చింది. డార్కోతో పాటు గుంటలో పనిచేసే అట్టా అనేవాడు రాత్రి ఏదో రికార్డు పంపాడట. పంపిన తర్వాత వాడి ఫోను మోగడం లేదు, వాడూ ఊళ్ళో లేడు. వాడి గదిలో వెతికినా బట్టలు కూడా లేవట.

పోకువా ఫోను చెవికి ఆనించుకుంది. మొదట అట్టా గొంతు. వాళ్ళమ్మకు వాయిస్ మెసేజ్ పెడుతూ చెబుతున్నాడు, సంతకు వచ్చేటప్పుడు పెండలం తెస్తాననో తేలేననో. ఇంతలో ఏదో కూలిన చప్పుడు. కేకలు. ఎవరో "డార్కో! డార్కో కింద ఉన్నాడు!" అని అరిచారు. ఇంకెవరో "వినిపిస్తోంది, మూలుగుతున్నాడు, పారలు తెండి" అన్నారు. ఆ తర్వాత తాపీగా, ఫుఫు ముద్ద మింగి మాట్లాడుతున్నట్టు ఒక గొంతు. "పారలేమిట్రా? తవ్వుతూ కూర్చుంటే పై అధికారులు దిగుతారు, అందరం లోపలికే. పొక్లెయిన్ పిలువు. మట్టి తోసెయ్. అడిగితే సరిహద్దు దాటాడని చెప్పండి."

అది ఎవరి గొంతో చెప్పనక్కర్లేదు. నిన్ననే ఆ గొంతు గొర్రెపోతును మళ్ళీ వెయ్యమంది.

"ఇంకా ఉంది, విను," అంది అచియా.

పొక్లెయిన్ కదిలిన రొద. ఆ రొద వెనక, ఎక్కడో దూరంగా, గాలికి పైకీ కిందికీ ఊగుతూ ఆడగొంతు. "...మనూ ముసలమ్మ, అసొనా వంశం... తప్పు, తప్పు, మన్నించండి, అగోనా వంశం. అందరూ ఎర్రబట్ట కట్టుకుని రావలసింది..."

పోకువా ఫోను బల్ల మీద పెట్టేసింది. ఆ పొరపాటు ఆమెకు బాగా గుర్తుంది. మనూ కొడుకులు ఆ పొద్దున్నే గది మీదికొచ్చి, మా తల్లిని చచ్చాక ఇంకో వంశానికి ఇచ్చేస్తావా అని నానా మాటలూ అన్నారు. ఆమె సిగ్గుతో చితికిపోయింది. ఆ రోజంతా అదే పెద్ద కష్టమనుకుంది. నది ఒడ్డున బతికున్న మనిషి మీద మట్టి తోస్తున్నప్పుడు తను ఇక్కడ కూర్చుని, ఎవరు ఏ రంగు బట్ట కట్టాలో చెబుతూ ఉంది. కింద ఉన్న డార్కోకు కూడా ఆ గొంతు వినిపించి ఉంటుందా?

"పోలీసుల దగ్గరికెళ్ళావా?"

"రాత్రే వెళ్ళాను. ఊరి గొడవ, ముందు నానా దగ్గర తేల్చుకు రమ్మన్నారు." అచియా బిడ్డను ముందుకు తిప్పుకుని పాలు పట్టింది. "నాకు ఎవర్నీ జైల్లో పెట్టొద్దక్కా. ఆ గుంట తవ్వించి ఆయన్ని బయటికి తీయిస్తే చాలు. కడిగి, బట్ట కట్టి, వాళ్ళ నాన్న పక్కన పెట్టుకుంటా. నువ్వు మైకులో ఆయన పేరు పోయినవాళ్ళ వరసలో చదివితే చాలు. తప్పిపోయినవాళ్ళ వరసలో ఎన్నాళ్ళు చదువుతావు?"

"నేనొస్తాను," అంది పోకువా. "ఆ రికార్డులో నా గొంతుంది. నా తప్పుంది. నా తప్పును ఎవడు తయారు చేస్తాడు? నానా ముందు నిలబడి చెబుతాను."

ఆ మాట అన్నప్పుడు ఆమె నిజంగానే నమ్మింది.

నానా గారి లోగిట్లో ఊరంతా కూడింది. నానా గొంతు ఊళ్ళో ఎవరూ నేరుగా వినరు. ఆయన పెదవులు కదులుతాయి, పక్కన బంగారు పొన్ను కర్ర పట్టుకుని నిలబడిన బోఫో వంగి వింటాడు, విని పదిమందికీ వినిపించేలా చెబుతాడు. బోఫో నానాకు నోరు. ఎదుటివాళ్ళ మాట కూడా బోఫో ద్వారానే నానాకు చేరాలి. తాతల నాటి నుంచీ ఆ లోగిలిలో ఒకరి మాట ఇంకొకరి గొంతులోనే వస్తోంది. అయినా ఎవరూ దాన్ని అనుమానించలేదు. ఎందుకంటే ఆ మాట వెనక నిలబడే మనిషి కళ్ళ ముందే ఉంటాడు.

అచియా ఆనవాయితీ ప్రకారం మద్యం సీసా సమర్పించి, లోగిట్లో పెట్టిన మైకు దగ్గర ఫోను ఆనించి రికార్డు వేసింది. "మూలుగుతున్నాడు, పారలు తెండి" అన్నచోట ఒక ముసలావిడ నెత్తి మీద చేతులు పెట్టుకుంది. అబాబియో గొంతు వచ్చినప్పుడు మాత్రం అందరూ నేల చూశారు. కొందరి కొడుకులు గుంటల్లో ఉన్నారు, కొందరి అల్లుళ్ళు. పొక్లెయిన్ నడిపేవాడి తల్లి కూడా ఆ జనంలోనే ఉంది.

బోఫో కర్రతో నేల మీద తట్టాడు. "నానా అడుగుతున్నారు. ఈ మాట వెనక నిలబడే మనిషి ఎవరు?"

"అట్టా, నానా," అంది అచియా.

"అట్టా ఎక్కడ?"

అచియా మైకు దగ్గరి ఫోను వైపు చూసింది.

అప్పుడు అబాబియో లేచాడు. భుజం మీది బట్ట మర్యాదగా కిందికి జార్చి, చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కోపం లేదు, గాభరా లేదు. "బోఫో, నా మాట నానాకు చెప్పు. ఈ పిల్ల నా కూతురు లాంటిది. మొగుడు వదిలేసి పోయిన బాధలో ఉంది, నేను తప్పు పట్టను. కానీ ఊరికి ఒక పాఠం చెప్పారు కదా, పొద్దున్నే వింటున్నాం కదా. ఏమని?" పిల్లల వైపు తిరిగాడు. "ఏమనర్రా? గొంతు వచ్చిందనీ..."

"మనిషి వచ్చినట్టా!" అని పిల్లలు ఒక్కపెట్టున అన్నారు. పెద్దలు వాళ్ళను ఉష్ ఉష్ మన్నారు గానీ, ఆ మాట అప్పటికే లోగిలంతా తిరిగింది.

"అదీ! నేను ఇదిగో ఎదురుగా నిలబడ్డాను. అడగండి. మరి అట్టాను తెచ్చి నిలబెట్టండి. డార్కోను తెచ్చి నిలబెట్టండి." మెల్లగా కూర్చున్నాడు. "ఫోనుకు ప్రమాణం చెయ్యమంటే ఎట్లా?"

"భూమాత మీద ఒట్టు వెయ్యమనండి!" అంది అచియా.

"ఎవడో మెషీనుతో తయారు చేసిందానికల్లా నేను ఒట్లు వేస్తూ కూర్చోవాలా అమ్మా? ఇవాళ నీకు వేస్తాను, రేపు ఇంకోడు ఇంకోటి తయారు చేసుకొస్తాడు." పెద్దల్లో ఇద్దరు ముగ్గురు తలలూపారు. అది న్యాయంగానే వినిపించింది మరి.

నానా పెదవులు కదిలాయి. బోఫో లార్టేను పిలిచి, మెషీను ఇలాంటిది చెయ్యగలదా అని అడిగాడు. లార్టే మంచివాడు. అబద్ధమాడడం అతనికి చేతకాదు. "చెయ్యగలదు, నానా. కానీ చెయ్యగలదంటే ఇది చేసిందని కాదు..."

"చెయ్యగలదు అన్నాడు," అని బోఫో నానాకు చెప్పాడు. మిగతా సగం గాలికి పోయింది.

పోకువా ముందుకొచ్చింది. "నేను నిలబడతాను ఈ మాటకు. ఆ రికార్డు చివర వినిపించేది నేనే. మనూ ముసలమ్మ వంశం తప్పు చెప్పి దిద్దుకున్న పొద్దున అది. ఆమె కొడుకులు ఇక్కడే ఉన్నారు, అడగండి. ఆ పొద్దుటే డార్కో పనికెళ్ళాడు, తిరిగి రాలేదు. ఆ చాటింపు ఫేస్‌బుక్‌లో కూడా పెట్టలేదు, తప్పు చెప్పానని నేనే వద్దన్నాను. ఇక మెషీనుకు ఎక్కడ దొరుకుతుంది?"

లోగిలిలో గుసగుసలు లేచాయి. మనూ పెద్దకొడుకు, నిజమే, ఆ పొద్దున తిట్టింది మేమేనన్నాడు. ఒక్క క్షణం పోకువాకు ఆశ పుట్టింది. నానా కూడా తలెత్తి ఆమె వైపు చూశారు.

అబాబియో ఈసారి లేవను కూడా లేదు. "పోకువా, ఆ చాటింపు ఊరంతా విన్నారు కదమ్మా. విన్నవాడెవడైనా నీ గొంతుతో అదే మాట మళ్ళీ చెప్పించలేడా? మొన్న సంతలో బూరల్లో మాట్లాడింది నువ్వేనా?"

"కాదు."

"మరి ఫోనులో మాట్లాడింది?"

"నేనే."

"రెండూ ఒకేలా ఉన్నాయే! ఏది నువ్వో, ఏది గొర్రెపోతో మాకెలా తెలుస్తుంది?"

ఎవరో కిసుక్కుమన్నారు. పక్కవాళ్ళకు అంటుకుంది. పాపం, వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆ నవ్వు కోసం ఊరంతా లోపల్లోపల ఎదురు చూస్తోంది. ఆ రికార్డు నిజమైతే రేపు గుంటలు మూతపడతాయి, కొడుకులు సాక్షులవుతారు, కొందరు ముద్దాయిలవుతారు. అబద్ధమైతే ఎవరి అన్నం వాళ్ళు తినొచ్చు. అబద్ధం కావడానికి దారి ఉందని వాళ్ళకు చూపించింది పోకువాయే. తన వేలితో తన కన్ను పొడుచుకున్నట్టయింది ఆమెకు.

నిలబడి ముఖాముఖి చెప్పగలిగినవాడిదే నిజమని ఆమె నెత్తి నోరు కొట్టుకుని నేర్పింది. మట్టి కింద ఉన్నవాడు వచ్చి ఎలా నిలబడతాడన్నది ఆమెకు తట్టనే లేదు.

నానా చాలాసేపు బోఫో చెవిలో మాట్లాడారు. బోఫో కర్ర తట్టాడు. మాట వెనక మనిషి లేడు గనక ఆ మాట చెల్లదు. గుంట తవ్వనక్కర్లేదు. డార్కో ఊరు విడిచి పోయాడనే ఊరు అనుకోవాలి, చావు కర్మలు చెయ్యకూడదు. పెద్దమనిషి మీద నింద వేసినందుకు అచియా ఒక గొర్రెను ఇచ్చి క్షమాపణ చెప్పుకోవాలి. ఆ రికార్డు మెషీను తయారు చేసిందనీ, ఎవరూ పంచుకోకూడదనీ మర్నాటి పొద్దున మైకులో చాటింపు వెయ్యాలి.

గొర్రె అనగానే మళ్ళీ ఎవరో నవ్వబోయి, అచియా ముఖం చూసి ఆపుకున్నారు.

సాయంత్రం ఒపోకు కాగితం పట్టుకుని పోకువా ఇంటికొచ్చాడు. ఆమె పెరట్లో అరటికాయలు చెక్కు తీస్తోంది.

"నేను చదవను, బాబాయ్."

"నీ అభిప్రాయం ఎవడడిగాడే? అది నానా మాట. నువ్వు నోరు మాత్రమే."

"మా నాన్న కూడా నోరే. కానీ చూడని గొర్రెపోతును చూశానని ఆయన ఎప్పుడూ అరవలేదు." కత్తి పక్కన పెట్టింది. "బతికున్నవాణ్ణి పాతిపెట్టారు. ఇప్పుడు వాడి పేరు కూడా నా నోటితోనే పాతించాలా?"

ఒపోకు నేల మీద కాలితో గీతలు గీశాడు. "ఒక బూర ఆయనది. కరెంటు బిల్లూ ఆయనే కడతాడు. నాకు ముగ్గురు పిల్లలు, పోకువా."

"నీకు పిల్లలున్నారని నాకు తెలుసు. డార్కోకూ ఒకడున్నాడు."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పోకువా వెనకే మైకు గదికి వెళ్ళి, మేకుకు వేలాడే తండ్రి గంట తీసుకుని ఇంటికి తెచ్చుకుంది. గంట లేకుండా చాటింపెలా వేస్తారో చూద్దాం అనుకుంది. ఆ పూట అదొక్కటే ఆమెకు తృప్తి. తనకు చేతనైనంత చేశానని అనుకుని అన్నం కూడా తింది.

పొద్దున లేచి పొయ్యి రాజేస్తోంది. గంట ఆమె మంచం పక్కనే ఉంది. అప్పుడు స్తంభం మీద గంట మోగింది. మూడు దెబ్బలు, తర్వాత చిన్న దగ్గు.

"అసుయాసో పెద్దలారా, తల్లులారా, లేచారా?"

పోకువా చేతిలో పుల్ల అలాగే కాలుతోంది. బూరల్లో తన గొంతు ఎక్కడా తడబడకుండా, రోజూ తను చెప్పేదానికంటే చక్కగా చెబుతోంది. డార్కో పేరుతో తిరుగుతున్న రికార్డు మెషీను తయారు చేసిన దొంగ రికార్డు. క్వామె డార్కో క్షేమంగా ఊరు విడిచి వెళ్ళాడు. అచియా తప్పు ఒప్పుకుంది. "నేను కూడా మోసపోయాను, పెద్దలారా, మన్నించండి," అని కూడా అంది ఆ గొంతు. ఆ మాట నానా కాగితంలో ఉందో, అబాబియో కలిపాడో తెలియదు. చివరగా పాఠం. "గొంతు వచ్చిందనీ..." రోడ్డు మీద పిల్లలు పూర్తి చేశారు.

ఆమె ఉన్నపాటున గంట చంకలో పెట్టుకుని మైకు గదికి పరుగెత్తింది. ఒపోకు ఒక్కడే ఉన్నాడు. యాంప్లిఫయర్‌కు తీగతో తగిలించిన ఫోను బల్ల మీద ఉంది. పాఠాలకు పనికొస్తుందని లార్టే ఒపోకు ఫోనులో ఎక్కించి పోయిన ఆ గొంతు మెషీనే మాట్లాడింది. లార్టే పెట్టింది మంచికే.

"అచియా తప్పొప్పుకున్నట్టు కూడా చెప్పించావా, బాబాయ్? నేనూ మోసపోయానని కూడా?"

ఒపోకు తలెత్తలేదు. "నువ్వు చదవనన్నావు కదే," అన్నాడు.

పోకువా వీధిలోకొచ్చి గంట కొట్టింది. తండ్రి కొట్టినట్టు, నడుస్తూ కొట్టింది. "ఆ మాట నాది కాదు! బూరలో మాట్లాడింది నేను కాదు! డార్కో చనిపోయాడు! క్వామె డార్కో, అసొనా వంశం, గుంటలో చనిపోయాడు!" బూరలు లేకపోతే తన గొంతు ఎంత చిన్నదో ఆమెకు అప్పుడు తెలిసింది. నాలుగిళ్ళు దాటేసరికి బొంగురుపోయింది. అంబలి అమ్మే ఆమె గరిటె ఆపి చూసింది. "ఇందాకే కదమ్మా కాదన్నావు?" అంది. మంచినీళ్ళ కుళాయి దగ్గర ఒకడు, "ముందు నువ్వు పోకువావేనని గుర్తు చూపించు!" అని నవ్వించాడు. పొక్లెయిన్ నడిపేవాడి తల్లి తలుపు మెల్లగా మూసుకుంది. కెంకే అమ్మే ఎఫువా మాత్రం లేచి, ఆమె ముఖం దగ్గరికొచ్చి, పెదవుల వైపు తేరిపార చూసింది. చూసి, "ఏమో తల్లీ. నాకు ఇక ఏదీ తెలియదు," అని మళ్ళీ పీట మీద కూర్చుంది.

స్టాండులో ట్రోట్రో వ్యాను జనం కోసం ఆగి ఉంది. కిటికీ పక్కన అచియా. నల్లబట్ట కట్టుకుంది. చావు కర్మలు చెయ్యకూడదన్నారు గానీ, బట్ట విప్పించడానికి ఇంకా ఎవరూ రాలేదు. ఒళ్ళో బిడ్డ, కాళ్ళ దగ్గర మూట. మూటలోంచి మగవాడి చెప్పులు కనిపిస్తున్నాయి. పుట్టింటికి పోయి, మనిషి బదులు ఆ చెప్పుల్నే పాతిపెట్టుకుంటుందేమో.

పోకువా కిటికీ పట్టుకుంది. ఊపిరి అందడం లేదు. "అచియా! విన్నావా? అది నేను కాదమ్మా. నా మీద ఒట్టు. ఆ గొంతు నాది కాదు. మెషీనుతో చేశారు."

అచియా ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే పోకువాకు కాస్త తేలికగా ఉండేది.

"అబాబియో కూడా ఇదే అన్నాడక్కా," అంది.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఇంకొకరెవరో ఎక్కారు, తలుపు పడింది, వ్యాను ఎర్రదుమ్ములో కదిలింది. పోకువా గంట చంకలో పెట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. ముఖ్యమైన చాటింపు ఏదైనా రెండుసార్లు వెయ్యడం ఊరి ఆనవాయితీ. స్తంభం మీద మళ్ళీ మూడు దెబ్బలు మోగాయి. "అసుయాసో పెద్దలారా, తల్లులారా, లేచారా?" అని ఆమె గొంతు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.